మేడ మీద నుంచి తోకచుక్క

(2025 డిసెంబరు 14, ఆదివారం సాయంత్రం హైదరాబాదులో ఒక అపార్టుమెంటు సమావేశ మందిరంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? వినిపించనివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. వినిపించనివాళ్లకు ఈ మాట కూడా వినిపించదు కదా! బడిలో ముప్పై ఏళ్లు ఇదే పొరపాటు చేశాను, ఇప్పుడు మానతానా?

ముందు ఒక లెక్క తీసుకుందాం. మీలో తోకచుక్కను చూసినవాళ్లు ఎంతమంది? ఫోనుకు వచ్చిన ఫొటో కాదు, టీవీలో చూపించింది కాదు. మీ కంటితో, ఆకాశంలో. అయిదుగురు. అయిదుగురూ నలభై దాటినవాళ్లే. అయితే మీరు చూసింది 1997లో వచ్చిన హేల్-బాప్ అయి ఉంటుంది. అవునా? అనుకున్నాను.

ఆ హేల్-బాప్ మనల్ని చెడగొట్టిందండి. నిజంగా చెడగొట్టింది. 1997 మార్చి, ఏప్రిల్ నెలల్లో సాయంత్రం పూట వాయవ్యాన అలా కూర్చుని ఉండేది. బస్సు కోసం నిలబడి తల ఎత్తితే కనిపించేది. వీధి దీపం కింద నిలబడినా కనిపించేది. ఇవాళ చూడకపోతే రేపు చూడవచ్చు, రేపు కాకపోతే వచ్చే వారం. దాదాపు ఏడాదిన్నర పాటు మామూలు కంటికి అందుతూ ఉంది. దాంతో మనకు ఏమనిపించింది? తోకచుక్క అంటే అదే వచ్చి మన ముందు నిలబడుతుందని, మనం తల ఎత్తితే చాలునని. పెళ్లికి పిలవగానే ముందు రోజే దిగే బంధువు లాగా. అలాంటి బంధువు ఎంతమందికి ఉంటారు? మిగిలిన తోకచుక్కలన్నీ మనం స్టేషనుకు వెళ్లి, రైలు ఏ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కనుక్కుని, ఏ పెట్టెలోంచి దిగుతారో చూసి పట్టుకోవలసిన బంధువులు. ఒక్క నిమిషం అటు చూశారా, వెళ్లిపోతారు.

ఈ సాయంత్రం నేను చెప్పేది ఆ ప్లాట్‌ఫారం సంగతే. తోకచుక్క ఎలా పుట్టింది, ఎక్కడి నుంచి వచ్చింది అనేవి పుస్తకాల్లో దొరుకుతాయి. హైదరాబాదు లాంటి ఊళ్లో, ఈ దీపాల మధ్య, ఈ దుమ్ములో, మన మేడ మీద నిలబడి దాన్ని ఎలా పట్టుకోవాలి? ఇది పుస్తకాల్లో అంతగా దొరకదు.

మొన్నటి దసరా కాదు, నిరుటి దసరా, అంటే 2024 దసరా గుర్తు చేసుకోండి. అక్టోబరు 12, శనివారం. ఆ రోజు మనం జమ్మి ఆకు పంచుకుంటూ ఉంటే ఒక తోకచుక్క భూమికి అతి దగ్గరగా వెళ్లింది. దగ్గరగా అంటే భయపడకండి, సుమారు 7 కోట్ల కిలోమీటర్లు. దాని పేరు నోరు తిరగదు: త్సుచిన్‌షాన్-అట్లాస్. త్సుచిన్‌షాన్ అంటే చైనాలో ఊదా కొండ. ఆ కొండ పేరు పెట్టుకున్న వేధశాలవాళ్లు 2023 జనవరిలో దాన్ని మొదట చూశారు. ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు కూడా చూసింది. అందుకే రెండు పేర్లు. 2024 సెప్టెంబరు 27న సూర్యుడికి 6 కోట్ల కిలోమీటర్ల లోపు దాకా వెళ్లి, ఆవిరైపోకుండా తిరిగి వచ్చింది. చాలా తోకచుక్కలు ఆ వేడికి తునాతునకలైపోతాయి. ఇది బతికి బయటపడింది. సెప్టెంబరు చివర్లో తెల్లవారుజామున తూర్పున కనిపించి, సూర్యుడి వెలుగులో మునిగి, దసరా నాటికి సాయంత్రం పడమట తేలింది.

నేను దాన్ని చూసింది సోమవారం, 14వ తేదీన, ఇదే భవనం మేడ మీద. దసరా రోజూ, మర్నాడూ మరీ కింద ఉంది, ఎదురు భవనం నీళ్ల ట్యాంకు వెనక దాక్కుంది. సోమవారం నాటికి కొంచెం పైకొచ్చింది. ఆరుంబావుకే బైనాక్యులర్ మెడలో వేసుకుని పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. అంతలో మూడో అంతస్తు ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకుపోవడానికి వచ్చారు. ఆవిడ ఇక్కడే కూర్చుని ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. "ఏమిటి మాస్టారూ, ఎవరింట్లోకి చూస్తున్నారు?" అన్నారు. తోకచుక్క కోసమండీ అన్నాను. ఆవిడ అలా చూసి, "అదుగో కదా, అంత పెద్దగా కనిపిస్తుంటే వెతుకుతారేం?" అని వేలు పెట్టి చూపించారు.

చూస్తే నిజంగానే ఉంది! పడమట, నారింజ రంగులో, నిటారుగా ఒక గీత. మొదట తల, వెనక తోక. బొమ్మలో ఎలా ఉంటుందో అలాగే. నా గుండె కూడా ఒక్క క్షణం ఆగింది. కానీ ఎక్కడ ఉండాలో నాకు తెలుసు. అది ఉండవలసిన చోట లేదు, కుడి పక్కకు బాగా జరిగి ఉంది. "అయిదు నిమిషాలు ఆగుదామండీ" అన్నాను. మూడు నిమిషాలకే ఆ గీత వంకర తిరిగింది, రెండు పాయలైంది, చెదిరిపోయింది. విమానం వదిలిన పొగమంచు గీత అది. మనకు కనిపించకుండా పోయిన సూర్యుడి ఎండ అంత ఎత్తున ఉన్న దాని మీద ఇంకా పడుతోంది, అందుకే ఆ నారింజ రంగు.

ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఆ వారం నాకు ఫోనులో వచ్చిన 'తోకచుక్క' ఫొటోలు సగానికి సగం ఇవే. తేడా ఎలా తెలుస్తుంది? పెద్ద విద్య ఏమీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. విమానం గీత అయిదు నిమిషాల్లో ఆకారం మారుతుంది. తోకచుక్క మారదు. నక్షత్రాలతో పాటే నెమ్మదిగా, చెయ్యి బారజాపి చూస్తే నాలుగు నిమిషాలకు ఒక చిటికెన వేలి మందం చొప్పున కిందికి దిగుతుంది, అంతే. సర్రున జారదు. సర్రున జారేది ఉల్క, అది వేరే. తోకచుక్క పరిగెత్తుతుందని పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్లు కూడా అనుకుంటారు, పైకి అనరు.

సరే, ఆరూ ముప్పై అయిదుకు బైనాక్యులర్లో దొరికింది. తెల్లటి చిన్న తల. దాని మీద నిటారుగా, పైకి, పల్చటి పొగ. ఆవిడకు ఇచ్చాను. రెండు నిమిషాలు వెతికి పట్టుకున్నారు. చూసి ఏమన్నారో తెలుసా? "అరిగిపోయిన చీపురు కొసలా ఉంది" అన్నారు. తర్వాత బైనాక్యులర్ దించి, "ఇంతేనా?" అన్నారు.

ఇంతేనా! నవ్వుతున్నారు గానీ, చాలా న్యాయమైన ప్రశ్న అండి. నేను ఆ ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం పెట్టుకున్నదే ఆ జవాబు చెప్పడానికి. ఆవిడ ముందు వరుసలో కూర్చున్నది కూడా అందుకేనేమో.

పేపరులో ఏమని రాస్తారు? 'ఈ తోకచుక్క ఒకటో తరగతి నక్షత్రమంత ప్రకాశంగా ఉంటుంది' అంటారు. ఈ తరగతి అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మనం స్వాతి నక్షత్రం లాగానో, చిత్త లాగానో మెరుస్తుందనుకుని వెళతాం. అక్కడ మెరిసేదేమీ ఉండదు. పేపరువాళ్లు అబద్ధం రాశారా? లేదు. మరి?

ముగ్గు సంగతి చెబుతాను. గుప్పెడు ముగ్గుపిండి తీసుకోండి. వాకిట్లో ఒకే చోట కుప్పగా పోయండి. వీధి చివర నుంచి కూడా తెల్లగా కనిపిస్తుంది. అది నక్షత్రం. ఇప్పుడు అదే గుప్పెడు పిండిని వాకిలంతా చల్లండి. పిండి అంతే, ఒక్క రవ్వ తగ్గలేదు. కానీ కనిపిస్తుందా? పేడనీళ్లు చల్లి నల్లగా ఉన్న వాకిలైతే పల్చగా, బూడిద పట్టినట్టు కనిపిస్తుంది. అదే మన సిమెంటు వాకిలైతే? అసలు కనిపించదు. తోకచుక్క చల్లిన పిండి. పల్లెటూరి ఆకాశం పేడనీళ్ల వాకిలి. మన ఆకాశం సిమెంటు గచ్చు. పేపరులో రాసే ప్రకాశం ఆ గుప్పెడు పిండి లెక్క. ఆ పిండిని ఎంత మేర చల్లారో, ఏ గచ్చు మీద చల్లారో వాళ్లు రాయరు.

అందుకని ఊళ్లో ఉన్నవాళ్లకు మొదట పోయేది తోక. చీకటి ఊళ్ల నుంచి తీసిన ఫొటోల్లో ఆ అక్టోబరులో తోక పిడికిళ్ల కొద్దీ పొడవుంది. మాకు ఇక్కడ రెండు చిటికెన వేళ్ల పొడవు కనిపిస్తే గొప్ప. కాబట్టి పెద్ద తోక కోసం చూడకండి. మసకబారిన ఒక చుక్క కోసం చూడండి. పక్కనున్న నక్షత్రాలు సూదిమొనల్లా ఉంటే, ఇది దూది పింజలా ఉంటుంది. అదే గుర్తు.

ఇప్పుడు ఎక్కడ చూడాలి? పంచాంగం చూసే అలవాటు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? అక్టోబరు రెండో వారంలో ఏ కార్తె? చిత్త కార్తె. చెప్పినవారికి నమస్కారం. చిత్త కార్తె అంటే ఏమిటి? వానలు పడే రోజులని, రైతుల లెక్కని అనుకుంటాం. కానీ అది ఆకాశంలో ఒక చిరునామా. సూర్యుడు చిత్త నక్షత్రం దాపున ఉన్నాడని అర్థం. అంటే ఆ రోజుల్లో చిత్త మనకు కనిపించదు, సూర్యుడి వెలుగులో మునిగి ఉంటుంది. దాని తర్వాత కార్తె స్వాతి. సూర్యుడు స్వాతి దగ్గరకు రాబోతున్నాడు కాబట్టి స్వాతి కూడా మునిగిపోవాలి కదా? పోదు. ఎందుకంటే స్వాతి నక్షత్రం సూర్యుడు నడిచే దారికి ఉత్తరంగా చాలా దూరంగా ఉంది, మూడు పిడికిళ్ల దూరం. అందుకని అక్టోబరు సాయంత్రాల్లో కూడా పడమట, కొంచెం కుడి పక్కగా, నారింజ రంగులో స్వాతి కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఏడు ఎడమ పక్క, నైరుతి వైపు, శుక్రుడు ఉన్నాడు. ఇద్దరూ దీపస్తంభాల్లా చెరో పక్క. 14వ తేదీన తోకచుక్క ఎక్కడుంది? ఆ ఇద్దరికీ నడుమ, ఇంచుమించు సరిగ్గా పడమట. ఇంత తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

రెండో సగం ఎత్తు. దీనికి యంత్రాలు అక్కర్లేదు. చెయ్యి బారజాపండి. అందరూ జాపండి, పక్కవాళ్ల చెంప మీద పడకుండా. పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో పది డిగ్రీలు. చిటికెన వేలు ఒక డిగ్రీ. మధ్య మూడు వేళ్లూ కలిపితే అయిదు. చిన్నపిల్లలకు చేతులు చిన్నవి కదా అంటారేమో, వాళ్ల చెయ్యి పొడవు కూడా చిన్నదే, లెక్క సరిపోతుంది. పున్నమి చంద్రుడు ఎంత ఉంటాడు? అర డిగ్రీ. అంటే చిటికెన వేలితో చంద్రుణ్ని మూసెయ్యవచ్చు, ఇంకా వేలు మిగులుతుంది. ఎవరూ నమ్మరు. వచ్చే పున్నమికి చేసి చూసుకోండి.

14వ తేదీన ఆరూ ముప్పై అయిదుకు ఆ తోకచుక్క నేల అంచుకు పైన పిడికిలీ మూడు చిటికెన వేళ్లు. అంతే ఎత్తు! ఏడున్నరకు అస్తమించింది. సూర్యుడు అస్తమించింది అయిదూ యాభై ఏడుకు. ఇప్పుడు లెక్క వేయండి. ఆరుంబావు దాకా ఆకాశం మరీ వెలుగుగా ఉంటుంది, కనిపించదు. ఏడూ పది దాటితే దుమ్ములోకి దిగిపోతుంది, కనిపించదు. మధ్యలో మిగిలింది ఎంత? యాభై, యాభై అయిదు నిమిషాలు. అందులో కాఫీ తాగడానికి కిందికి వెళ్లారనుకోండి, అయిపోయినట్టే. భోజనం చేసి ఎనిమిదింటికి మేడెక్కి, "ఏమీ లేదే, అంతా ఊరకే రాస్తారు" అన్నవాళ్లు ఈ భవనంలోనే ఆరుగురు ఉన్నారు. వాళ్లూ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను.

ఆ దుమ్ము సంగతి ఒక్క మాట. నడినెత్తి మీద ఉన్న నక్షత్రం వెలుగు మన దగ్గరకు ఒక పొర గాలిని దాటుకుని వస్తుంది. పిడికిలి ఎత్తులో ఉన్న నక్షత్రం వెలుగు అడ్డంగా వస్తుంది, అయిదున్నర రెట్ల గాలిని దాటుకుని రావాలి. ఆ గాలిలో ఊరి దుమ్ము, పొగ, తేమ. రెండు రోజులు ఓపిక పడితే 16వ తేదీకి అదే సమయానికి తోకచుక్క రెండున్నర పిడికిళ్ల ఎత్తుకు వచ్చింది. మరి ఆ రోజే చూడవచ్చు కదా? ఇక్కడే చిక్కు. ఒక పక్క ఎత్తు పెరుగుతోంది, ఇంకో పక్క అది మన నుంచి దూరం పోతోంది, వెలుగు తగ్గుతోంది. పైగా 17న పున్నమి. దసరా నాడే పది కళల చంద్రుడు, రోజు రోజుకూ పెరిగి ఆకాశాన్నంతా పాలు పోసినట్టు చేశాడు. కాబట్టి ఒక్క రోజని నమ్ముకోకండి. వరుసగా వారం రోజులు ఎక్కండి. "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుంది" అన్నారు కదా, అక్టోబరు మబ్బు కూడా అంతే. మనింటి మీద ఉంటుంది, పక్క వీధిలో ఉండదు.

మనకొక అదృష్టం ఉంది, ఎవరూ చెప్పరు. మన దేశంలో సూర్యుడు ఇంచుమించు నిటారుగా దిగుతాడు. యూరపులో ఏటవాలుగా, సాగదీస్తూ దిగుతాడు, సంజ వెలుగు చాలాసేపు ఉంటుంది. మన దగ్గర చప్పున చీకటి పడుతుంది. సూర్యుడి పక్కనే తచ్చాడే తోకచుక్కలకు ఇది చాలా మంచిది. దీపాలు, దుమ్ము మన చేతిలో లేకపోయినా ఇది ఒకటి మన పక్షాన ఉంది.

నిలబడే చోటు గురించి. పడమర బోసిగా ఉండాలి. మేడ లేనివాళ్లు నీళ్ల ఒడ్డుకు వెళ్లండి. ట్యాంక్‌బండ్ మీద నిలబడితే పడమట హుస్సేన్‌సాగర్ నీళ్లు, కాబట్టి భవనాలు దూరంగా, పొట్టిగా కనిపిస్తాయి. అటు నెక్లెస్ రోడ్డు దీపాలున్నాయి, నిజమే, అయినా ఎదురింటి ట్యాంకు కంటే నయం. విజయవాడ బంధువులకు చెప్పండి, ప్రకాశం బ్యారేజీ మీద నుంచి నది పైవైపు చూస్తే పడమరే. విశాఖపట్నంవాళ్లు మాత్రం ఎగిరి గంతేసి బీచికి పరిగెత్తుతారు. వెళ్లి ఏం చేస్తారు? అక్కడ సముద్రం తూర్పున! తెల్లవారుజాము తోకచుక్కకు అంతకంటే మంచి చోటు లేదు. సాయంత్రం తోకచుక్కకు వాళ్లు వీపు సముద్రానికి పెట్టి ఊరి వైపు, కొండల వైపు చూడాలి. పాపం.

బైనాక్యులర్ కొనాలా అని చాలామంది అడిగారు. కొనండి. టెలిస్కోపు కొనకండి, తోకచుక్కకు అది పనికిరాదు, మరీ చిన్న ముక్క ఆకాశాన్ని చూపిస్తుంది. పది రెట్లు పెద్దదిగా చూపి, ముందు గాజు యాభై మిల్లీమీటర్లున్నది చాలు. అది ఒక్కసారికి ఆరు డిగ్రీల ఆకాశం చూపిస్తుంది, అంటే సగం పిడికిలికి కాస్త ఎక్కువ. ముందు దూరంగా ఉన్న దీపం మీదో, శుక్రుడి మీదో పెట్టి స్పష్టంగా కుదుర్చుకోండి. మసక కుదింపుతో వెతికితే ప్రతి నక్షత్రమూ తోకచుక్కలాగే ఉంటుంది, అది ఇంకో ప్రమాదం. మోచేతులు పిట్టగోడ మీద ఆనించండి.

ఇప్పుడు చెప్పేది తల్లిదండ్రులు వినండి. సూర్యుడు పూర్తిగా అస్తమించాకే బైనాక్యులర్ పడమటికి తిప్పాలి. పూర్తిగా. కొంచెం అంచు మిగిలి ఉన్నా తిప్పకూడదు. ఒక్క క్షణం సూర్యుడు అందులో పడితే కన్ను పోతుంది, మళ్లీ రాదు. పిల్లల చేతికి అస్తమించాకే ఇవ్వండి.

దొరికాక సూటిగా చూడకండి. కొంచెం పక్కకు చూడండి, కంటి కొసతో. మన కంటిలో నడిమి భాగం రంగులకు, అక్షరాలకు మంచిది. మసక వెలుగును పట్టేది దాని చుట్టుపక్కల భాగం. తోక పోయిందనుకున్నది పక్కకు చూస్తే మళ్లీ వస్తుంది. కొత్తకోడలు చూసినట్టు చూడాలి అనేది మా అమ్మ. తోకచుక్కల గురించి కాదు లెండి.

ఫోను మాటకొస్తే, దాన్ని తిట్టను. ఊళ్లో ఫోను కంటికన్నా ముందు పట్టుకుంటుంది. రాత్రి ఫొటో తీసే అమరిక ఉంటుంది కదా, అది పెట్టి, పిట్టగోడ మీద ఇటుక పెట్టి, దానికి ఆనించి, మూడు సెకన్ల గడియారం పెట్టి చెయ్యి తీసేయండి. కదిలితే పోతుంది. ఫొటోలో ఎక్కడుందో చూసుకుని, అప్పుడు కంటితో వెతకండి. వరుస మార్చకండి, ఫొటోతో ఆగిపోయి కిందికి వెళ్లిపోతే నాకు బాధ.

ఇంకో తమాషా. 'తోక' అనే మాట మనల్ని మోసం చేస్తుంది. తోక అంటే వెనక ఉంటుందనుకుంటాం. తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటుంది, అది ఎటు ప్రయాణిస్తున్నా సరే. సూర్యుడి నుంచి వచ్చే గాలి, వెలుగు దాన్ని అటు తోస్తాయి. ఆ అక్టోబరులో అది సూర్యుణ్ని వదిలి బయటకు పోతోంది. అంటే తోక ముందు, తల వెనక! మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, సాయంత్రం సూర్యుడు నేల కింద ఉంటాడు కాబట్టి తోక పైకి లేచి ఉంటుంది. అడ్డంగా పడుకున్న గీత కనిపిస్తే అనుమానించండి.

అన్నీ తెలిసినా తప్పుతుంది. మొన్నటి దీపావళి చూడండి, అక్టోబరు 20. లెమ్మన్ అనే తోకచుక్క మర్నాడు, 21న, భూమికి దగ్గరగా రాబోతోంది. స్వాతికి పైన, కుడి పక్కగా, చీకటి పడేవేళకు ఒకటిన్నర పిడికిలి ఎత్తు. దీపావళి అంటే అమావాస్య, చంద్రుడి బెడద లేదు. అంతకన్న మంచి రాత్రి ఎక్కడ దొరుకుతుంది? కానీ అది నాలుగో తరగతి ప్రకాశం, ముగ్గు సంగతి గుర్తుందిగా. మన మేడ మీద నుంచి మూడో తరగతి నక్షత్రం కనిపిస్తేనే పండగ. అయినా బైనాక్యులర్‌తో దొరుకుతుందని ఎక్కాను. ఆరున్నరకే మొదలుపెట్టారు మన పిల్లలు. చిచ్చుబుడ్లు, లక్ష్మీబాంబులు, పదివేల వాలా. ఏడింటికి ఎదురు భవనమే కనిపించలేదు, తోకచుక్క ఎక్కడ? నేను కూడా దిగి వెళ్లి కాకరపువ్వొత్తులు కాల్చాను, ఎందుకు దాచాలి. తర్వాత మబ్బులు. 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. ఆ వారం అసలు ఆకాశమే లేదు. లెమ్మన్ నాకు కనిపించలేదు. ఫొటోల్లో పచ్చగా ఉంది, కర్బన అణువుల వల్ల వచ్చే పచ్చదనం అది. నేను చూడలేదు.

ఈ ఊరి గురించి ఒకటి చెప్పి ముగిస్తాను. బేగంపేటలో నిజామియా వేధశాల ఉండేదని మీలో ఎంతమందికి తెలుసు? 1901లో నవాబ్ జాఫర్ జంగ్ మొదలుపెట్టారు. తర్వాత బేగంపేటకు మార్చారు. బేగంపేట అప్పుడు ఊరి బయట! నక్షత్రాల పటం తీసే అంతర్జాతీయ పనిలో మన ఊరి వాటా అక్కడి నుంచే చేశారు. అక్కడ పనిచేసే ఒకాయన కొడుకు ఈ ఊళ్లోనే పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. పేరు వేణు బప్పు. 1949లో అమెరికాలో చదువుకుంటూ ఫొటో పలక మీద ఒక కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. బప్పు-బాక్-న్యూకిర్క్ అని ఇప్పటికీ దాని పేరు. హైదరాబాదు ఆకాశం చూసి పెరిగినవాడి పేరు ఒక తోకచుక్కకు ఉంది. బేగంపేట ఆకాశం ఏమైంది? దీపాలు మింగేశాయి. ఉస్మానియావాళ్లు 48 అంగుళాల పెద్ద టెలిస్కోపును 1960ల్లో దూరంగా రంగాపూర్ పల్లెకు తీసుకెళ్లి పెట్టుకోవలసి వచ్చింది. ఊరు అప్పుడే అంత వెలిగింది, ఇప్పుడు చెప్పేదేముంది? అందుకే కరెంటు పోతే తిట్టుకోకండి, మేడెక్కండి.

ప్రశ్నలున్నాయా? పెద్దాయన అడుగుతున్నారు, తోకచుక్క వస్తే అరిష్టమా అని. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు భూమి దాని తోకలోంచి వెళుతుందన్నారు, ఆ తోకలో విషవాయువు ఉందన్నారు. రెండూ నిజమే. ఏమైంది? ఏమీ కాలేదు. మన గది గాలి కన్నా కోట్ల రెట్లు పల్చన అది. తిరిగి 2061 జూలైలో వస్తుంది. ముందు వరుసలో ఉన్న ఈ పాపకు అప్పటికి నలభై అయిదు నిండుతాయి.

మూడో అంతస్తు ఆవిడ చెయ్యెత్తారు. ఏమిటండీ? "ఇంతేనా" అన్నందుకు కోపం వచ్చిందా అని. రాలేదండీ. నాకు మీరు ఆ తర్వాత చేసింది గుర్తుంది. "ఇంతేనా" అని బట్టల బుట్ట ఎత్తుకుని మెట్ల దాకా వెళ్లారు. బుట్ట అక్కడ పెట్టి, వెనక్కి వచ్చి, "ఇంకోసారి ఇవ్వండి" అన్నారు. ఏడూ పది దాకా నాకు ఇవ్వలేదు.

టైము ఆరూ పది. ఇవాళ తోకచుక్క ఏదీ లేదు, ఆశపడకండి. చెయ్యి లెక్క మాత్రం సరిచూసుకుందాం. ఆరున్నరకు పడమట మూడు పిడికిళ్లకు కాస్త పైన శ్రవణం ఉండాలి, వాయవ్యాన రెండు పిడికిళ్ల ఎత్తున అభిజిత్తు. ఎవరి పిడికిలి సరిపోతుందో చూద్దాం. పిల్లలను ముందు వెళ్లనివ్వండి, చివర ఎక్కేవాళ్లు మెట్ల లైటు ఆపండి. పైన బట్టలు ఆరేసి ఉన్నాయట, చీకట్లో మొహానికి తగులుతాయి, కొంచెం వంగి రండి.